పగ్గం వదిలిన నాలుగు అడుగులు

సంక్రాంతి వెళ్లిన మరుసటి ఆదివారం. ఆరు దాటినా మంచు మా తాటితోపును వదల్లేదు. పక్క రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు రాత్రంతా తిరిగి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మైపాడు రోడ్డు దిగి లోపలికి వస్తే మా పొలంలో ఒక మూల వరి పండదు, అంతా ఇసుక. ఆ మూలలో నాన్న తాడుతో కొలిచి, ముగ్గుపిండితో 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు గీత గీశారు. గీత మీద ఎనిమిది పాత పెయింటు డబ్బాలు బోర్లించి, ఒక్కోదాని మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం రాశాం. గుర్రానికి పద్ధతిగా నడవడం నేర్పే డ్రెస్సేజ్ సాధనకు మా మైదానం అదే. ఆ రోజు అక్కడ గంటలోపు జరిగినది మరిచిపోకముందే రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను. గుర్రాన్ని పెళ్లి ఊరేగింపులో తప్ప దగ్గరగా చూడనివాళ్లకు కూడా ఇది అర్థమయ్యేలా చెప్పాలని నా ఆశ.

చామంతి మా ఆడగుర్రం. ఎర్ర రంగు, నుదుట తెల్ల చుక్క, తొమ్మిదేళ్ల వయసు. రెండో ఏటి నుంచి పందేల్లో పరుగెత్తింది. అయిదో ఏట ముందుకాలి నరం వాచింది. ఇక పందేలకు పనికిరాదని వదిలించుకుంటుంటే నా దగ్గరికి వచ్చింది. ఏడాదిపాటు జీను వేయలేదు. కాలు బాగుపడింది కానీ ఒళ్లు మాత్రం పందెం మైదానాన్ని మరిచిపోలేదు. పందెపు గుర్రం ముందుకు వాలి, కళ్లెం మీద ఆనుకుని, ఆ ఊతంతో దూసుకుపోతుంది. జాకీ కూడా రికాబుల మీద లేచి మెడ మీదికి వంగి ఉంటాడు. ఎదిగే వయసంతా అలా పరుగెత్తిన ప్రాణికి వేరే నడక ఎలా తెలుస్తుంది?

గుర్రం ఊరికే నిలబడి ఉన్నా దాని బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే పడుతుంది. అంత పెద్ద తల, అంత పొడవాటి మెడ ముందుకు వేలాడుతుంటే పడక ఏం చేస్తుంది? చామంతి 450 కిలోలు. అంటే 270 కిలోలు ముందుకాళ్లవే. పైన నేను, జీను కలిపి ఇంకో 65 కిలోలు ఎక్కుతాం. ఒకప్పుడు వాచిన కాలు ముందుకాలే. అందుకే ఈ చదువంతా నాకు ముఖ్యమైంది. వెనక కాళ్లు తమ వాటా బరువు తీసుకోవడం నేర్చుకుంటే ఆ ముందుకాలు ఇంకో పదేళ్లు చల్లగా ఉంటుంది. ఫ్రెంచిలో డ్రెస్సేజ్ అన్న మాటకు తరిఫీదు అనే అర్థం. చూసేవాళ్లకు అది గుర్రపు నాట్యంలా కనిపిస్తుంది. నా మటుకు నాకు అది గుర్రం వీపు మీద కూర్చున్న పాపానికి మనిషి కట్టాల్సిన వడ్డీ.

2023 సెప్టెంబరులో చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సేజ్ జట్టు బంగారు పతకం గెలిచిన రోజు నాకు బాగా గుర్తు. అనుష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా. గుర్రపు స్వారీలో మనకు ఆసియా బంగారం 41 ఏళ్ల తర్వాత అప్పుడే వచ్చింది. బ్యాంకులో భోజన విరామంలో ఫోనులో ఆ ప్రదర్శన చూస్తూ అన్నం తినడం మరిచిపోయాను. అనుష్ ఆ క్రీడల్లోనే విడిగా కాంస్యం కూడా గెలిచి, మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. డ్రెస్సేజ్‌లో మన దేశం నుంచి ఒలింపిక్స్‌కు వెళ్లిన మొదటి రౌతు అతనే. ఆ గుర్రాలు పగ్గం దాదాపు లాగకుండానే అంత ఎత్తుగా, అంత తేలిగ్గా ఎలా నడుస్తున్నాయో నాకు అప్పట్లో అంతుపట్టలేదు.

అంతుపట్టకపోవడానికి కారణం ఉంది. నేను స్వారీ నేర్చుకున్న నగరంలో గుర్రం మెడ విల్లులా వంగితే చాలు, చదువు వచ్చేసినట్టే అని చెప్పేవారు. వంగకపోతే తాళ్లతో కట్టి వంచేవారు. నేనూ అదే చేశాను. ఏడాదిపాటు రెండు చేతులతో పగ్గాలు బిగబట్టి చామంతి తల కిందికి లాగాను. ఫొటోల్లో అందంగా ఉండేది. ఒకరోజు పెదవి మూలన పెసరగింజంత పుండు కనిపించింది. అది నా చేతి పుండు. ఆ రోజు కళ్లెం తీసి గోడకు తగిలించి, రెండు నెలలు ముట్టుకోలేదు.

గుర్రాల సంగతి తెలిసిన ఒక మాస్టారి గురించి అప్పుడే తెలిసింది. కందుకూరు వైపు మనిషి. సైన్యంలో జంతువులను చూసుకునే రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో చేరి, మీరట్‌లో ఏళ్ల తరబడి గుర్రాల మధ్య బతికి, ఇప్పుడు ఊళ్లో నిమ్మతోట చూసుకుంటున్నారు. ఫోను చేస్తే "బస్సుకు వస్తానమ్మా, నాకు టీ మాత్రం చక్కెర లేకుండా ఇవ్వాలి" అన్నారు. అన్నట్టే ఆ ఆదివారం తొలి బస్సుకు వచ్చారు.

చామంతి మెడ నిమిరారు, ముందుకాళ్లు మోకాలి నుంచి కిందికి తడిమి చూశారు, కూడా తెచ్చిన నిమ్మాకు వాసన చూపించారు. తర్వాత నాతో, "పగ్గం పొడుగ్గా వదిలి గీత వెంట ఒక చుట్టు నడిపించమ్మా" అన్నారు. నేను నడిపించాను. ఆయన గుర్రాన్ని చూడలేదు. వెనకే నేల చూసుకుంటూ నడిచి, ఒకచోట గొంతుక్కూర్చుని నన్ను పిలిచారు.

మంచుకు తడిసిన ఇసుకలో గిట్టల గుర్తులు అచ్చుపోసినట్టు ఉన్నాయి. ముందు గిట్ట గుర్తు ముందంచు లోతుగా దిగింది, చెంచాడు నీళ్లు పోస్తే నిలిచేటంత. వెనక అంచు నేలకు సరిగ్గా తగలనే లేదు. ఆయన నాలుగు వేళ్లు దగ్గరచేసి ఇసుక మీద పెట్టారు.

"వెనక గిట్ట వచ్చి ముందు గిట్ట గుర్తును దాటి పడాలి. లేదంటే కనీసం దాని మీద పడాలి. ఇది బెత్తెడు వెనకే ఆగిపోయింది. వెనక కాళ్లు పనికి రావడం లేదు, ఊరికే వెంట వస్తున్నాయి."

గట్టు మీద కూర్చున్న నాన్న ఆ మాట విని లేచి వచ్చారు. నాన్నకు గుర్రాలు తెలియవు, ఎద్దులు తెలుసు. ఇరవై ఏళ్లు ఒంగోలు గిత్తలతో బండి తోలిన మనిషి. "అయితే ఇది ముందు బరువు బండి మాస్టారూ. బస్తాలన్నీ ముందుకు వేస్తే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది. వెనక్కి వేస్తే నొగ పైకి లేచి మెడతాడు గొంతు పట్టేస్తుంది. ఇరుసు మీదికి సర్దుకోవాలి" అన్నారు.

మాస్టారు నాన్న వైపు తిరిగి, "సరిగ్గా పట్టుకున్నారు అన్నగారూ. అయితే ఇక్కడ బస్తాలు జరగవు. ఇరుసే బరువు కిందికి రావాలి" అన్నారు.

చామంతి శరీరం గురించి నేను పుస్తకాల్లో చదివింది ఎంతో ఉంది. అది ఒంటికి ఎక్కింది మాత్రం ఆ మాట విన్నాకే. గుర్రానికి మనలా కాలరెముక లేదు. ముందుకాళ్లు ఛాతీకి ఎముకతో అతుక్కుని ఉండవు. రెండు కాళ్ల మధ్య ఛాతీని కండరాలే పట్టి ఉంచుతాయి, దూలానికి చీరతో కట్టిన ఉయ్యాల బిడ్డను పట్టి ఉంచినట్టు. ఉయ్యాల సాగితే ఛాతీ కిందికి జారుతుంది, మూపు దిగుతుంది, వీపు నడిమి భాగం లొత్తబడుతుంది. ఆ ఉయ్యాల బిగిస్తే మూపు పైకి లేస్తుంది. తల పట్టుకుని లాగితే ఉయ్యాల బిగియదు. వెనక కాళ్లు పొట్ట కిందికి అడుగేసి, తుంటి కొంచెం దిగి, వీపు లేస్తేనే బిగుస్తుంది. మెడ వంపు ఆ పనంతా అయ్యాక చివర్లో దానంతటదే వస్తుంది. నేను ఏడాదిపాటు ఆ చివరిదాన్ని ముందు లాగాను.

మళ్లీ ఎక్కబోతుంటే మాస్టారు ఆపారు. గోడకు ఉన్న పాత కళ్లెం తెప్పించి, దాని ఇనుప ముక్కను తన రెండు చేతుల్లో పట్టుకున్నారు. పగ్గాలు నా చేతికి ఇచ్చారు. "నేను గుర్రాన్ని" అని చెప్పి వెనక్కి ఒరిగారు. బరువంతా నా చేతుల మీద పడింది. బావిలోంచి నిండు చేద తోడుతున్నట్టు భుజాలు గుంజాయి.

"ఇప్పుడు నన్ను మోస్తున్నది ఎవరు?"

"నేనే మాస్టారూ."

"నువ్వు మోస్తున్నంతసేపు నేనెందుకు నిలబడతాను? కొంచెం వదులు."

వదిలాను. ఆయన తూలి, ఒక కాలు వెనక్కి వేసి, నిటారుగా నిలబడ్డారు. చామంతి ఎందుకు నా చేతుల మీద వేలాడుతోందో ఆ ఒక్క కాలు చెప్పేసింది. కాలు వెనక్కి వేసుకునే అవసరం దానికి నేనెప్పుడూ కల్పించలేదు.

తర్వాత నన్ను గుర్రం చేశారు. కళ్లు మూసుకుని ఇనుప ముక్క పట్టుకున్నాను. ఆయన అవతల పగ్గాలు పట్టుకున్నారు. వేళ్లు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకున్నాయి, అంతే. ముందుకు పడబోతున్న నేను నా పాదాల మీద ఆగాను. స్వారీలో దీన్ని హాఫ్ హాల్ట్ అంటారు. మాస్టారు "సగం ఆపు" అంటారు. నాకు ఆ పేరే నచ్చింది. నాన్న అది చూసి, "పాలు పిండినట్టే ఉందే" అన్నారు. నిజమే. పిండడంతో పాటు వదలడం కూడా ఉంటేనే చన్నులోకి మళ్లీ పాలు దిగుతాయి. పట్టుకునే ఉంటే చుక్క రాదు.

అసలు పాఠం అప్పుడు మొదలైంది. 20 మీటర్ల గుండ్రం మీద ట్రాట్, అంటే నడకకూ పరుగుకూ మధ్య వేగం. పది అడుగులు ట్రాట్, అయిదు అడుగులు నడక, మళ్లీ ట్రాట్. నడకలో గుర్రం నాలుగు గిట్టలూ విడివిడిగా పడతాయి: త, క, ధి, మి. ట్రాట్‌లో ఎదురెదురు మూలల కాళ్లు జతగా పడతాయి, రెండే దెబ్బలు. క్యాంటర్ అనే మెల్లని పరుగులో తకిట, మూడు. చిన్నప్పుడు నెల్లూరులో నాలుగేళ్లు నాట్యం నేర్చుకున్నాను కాబట్టి నాకు లెక్క అలాగే వస్తుంది. మన పాత నిఘంటువుల్లోనూ గుర్రపు నడకలకు అయిదు పేర్లున్నాయి: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. పంచధారలు అని వాటికి పేరు. ఇంత చక్కని మాటలు ఉండి కూడా వాడేవాళ్లు లేక మూలపడ్డాయి కదా అని నాకెప్పుడూ బాధ.

మొదటి నాలుగుసార్లు ఘోరంగా జరిగింది. ట్రాట్ నుంచి నడకకు రావాలనగానే నా చేతులు అలవాటుగా వెనక్కి పోయాయి. చామంతి తల ఎత్తి, నోరు తెరిచి, ముందుకాళ్ల మీద ధబధబ ఆగింది. మాస్టారు అరవలేదు. "చేతులు వద్దమ్మా. ముందు ఊపిరి వదులు. నడుము నిటారు. పిక్కలు దానికి తగిలించి ఉంచు. చివర్లో వేళ్లు. వెంటనే వదులు" అన్నారు. పిక్కలు ఎందుకంటే, ఆగేటప్పుడు కూడా వెనక కాళ్లు అడుగేస్తూనే ఉండాలి. వెనక ఇంజను ఆగిపోయాక ముందు మిగిలేది బరువే.

అయిదోసారి ఆయన ఇంకోటి పట్టుకున్నారు. "నువ్వు కుడివైపు ఒరిగి కూర్చుంటున్నావు." నాకు తెలియదు. రోజంతా బ్యాంకులో కుడివైపు కంప్యూటర్‌కు తిరిగి కూర్చునే నడుము నాది. ఎడమవైపు పిర్ర ఎముక కిందికి దించమన్నారు. దించాను. కొండ పక్కగా వాలి కూర్చున్నట్టు అనిపించింది, కానీ మాస్టారు "ఇప్పుడు మధ్యలో ఉన్నావు" అన్నారు. చామంతి చెవి ఒకటి వెనక్కి, నా వైపు తిరిగింది. ఆ తర్వాతి నడక మెత్తగా వచ్చింది. ఏడాదిగా అది కుడివైపు వృత్తంలో లోపలికి పడిపోతుంటే మొండితనం అనుకున్నాను. నన్ను పడిపోకుండా పట్టుకోవడానికి అది నా కిందికి వస్తోంది.

ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తోంది.

తర్వాత పొడవాటి గీత వెంట భుజం లోపలికి తెచ్చే పాఠం. గుర్రం ముందుభాగాన్ని గీత నుంచి కొద్దిగా లోపలికి తెచ్చి, వెనక కాళ్లను గీత మీదే ఉంచి, ఏటవాలుగా ముందుకు నడిపించడం. అప్పుడు లోపలి వెనక కాలికి పొట్ట కిందికి అడుగేయక తప్పదు. ఫ్రాన్సులో ద లా గెరినియేర్ అనే ఆయన 1733లోనే దీని గురించి వివరంగా రాశాడు. దాదాపు మూడు వందల ఏళ్లుగా ప్రపంచమంతా చేస్తున్న సాధన అది. మాకు ఎడమవైపు పది అడుగులు బాగానే కుదిరింది, కుడివైపు మూడు అడుగులకే చెదిరింది. మాస్టారు చాలన్నారు. కొత్త కండరం నొప్పి పుట్టకముందే ఆపాలట. రెండు నిమిషాలు పగ్గం పూర్తిగా వదిలి నడిపించాం. చామంతి మెడ నేలదాకా చాచి, ముక్కుతో పొడుగ్గా ఫుర్రుమంది. పెదవుల మీద తెల్లని నురగ, వెన్నపూసలా.

ఆఖరున మళ్లీ గుండ్రం మీద ట్రాట్. రెండు సగం ఆపులు, అడుగుకొకటి. నా కింద ఏదో మారింది. జీను పైకి వచ్చింది. నీళ్లలో పడవ ఎక్కితే కింద నీరు పడవను ఎత్తినట్టు దాని వీపు నన్ను ఎత్తింది. పగ్గం చేతిలో ఉందే కానీ బరువు లేదు, తడి దారం పట్టుకున్నట్టు ఉంది.

"ఇప్పుడు రెండు చేతులూ మెడ వెంట ముందుకు ఇవ్వు. పగ్గం వేలాడాలి."

ఇవ్వలేకపోయాను. చేతులు కదల్లేదు. వదిలితే పరుగెత్తిపోతుందని, పడిపోతుందని నాలుగేళ్లుగా ఒంట్లో పేరుకున్న భయం.

"అది నిలబడుతుందా లేదా తెలియాలంటే వదలాల్సిందే అమ్మా."

ఇచ్చాను. మొదటిసారి రెండో అడుగుకే చామంతి ముందుకు వాలి వేగం పెంచింది. మళ్లీ కూడగట్టుకున్నాం. రెండోసారి కూడా అంతే. మూడోసారి ఇచ్చే వేళకు పక్క చెరువులో ఒక ఏరియేటర్ గరగరమని ఆగి మళ్లీ మొదలైంది. చామంతి తల ఎగరేసింది. ఆ చప్పుడుకు పోయిన నెలలో అది నన్ను గట్టుదాకా ఎత్తుకుపోయింది. నేను ఊపిరి వదిలాను. వేళ్లు మూసి తెరిచాను. దాని చెవులు ముందుకు వెళ్లి, మళ్లీ నా వైపు వచ్చాయి. అప్పుడు చేతులు ముందుకు జరిపాను.

ఒకటి. పగ్గం వేలాడింది. రెండు. జూలు మీద నా పిడికిళ్లు ఆనాయి. మూడు. మూపు నా ముందు ఎత్తుగానే ఉంది. నాలుగు. వేగం మారలేదు, తల మారలేదు, తాళం మారలేదు. ఎవరూ పట్టుకోకుండా 450 కిలోల ప్రాణి తన బరువు తానే మోసుకుంటూ, పైగా నన్నూ మోస్తూ వెళ్లింది. అయిదో అడుగుకు నేనే తొందరపడి పగ్గం అందుకున్నాను.

"ఆపు. దిగు. ఇవాళ్టికి ఇంకేమీ అడగొద్దు దాన్ని" అన్నారు మాస్టారు.

దిగాక కూడా నా మోకాళ్లు వణుకుతూనే ఉన్నాయి. జీను తీస్తే వీపు మీద చెమట రెండు వైపులా ఒకే ఆకారంలో పట్టింది, ఎప్పుడూ ఎడమవైపు ఎక్కువ ఉండేది. నానబెట్టిన ఉలవలు, పచ్చగడ్డి పెట్టాం. నాన్న బకెట్టుతో కాళ్ల మీద నీళ్లు పోస్తూ ముందుకాలి దగ్గర ఆగి, అరచేయి పెట్టి చూసి, "చల్లగా ఉందే తల్లీ" అన్నారు. ఏ పతకం వచ్చినా నాకు అంతకన్నా సంతోషం ఉండదు.

మాస్టారు చక్కెర లేని టీ తాగి పది గంటల బస్సుకు వెళ్లిపోయారు. మైదానంలోకి తిరిగి వెళ్లి చివరిలో పగ్గం వదిలి నడిపించిన చోటు వెతికాను. ఎండకు ఇసుక ఆరిపోతూ గుర్తుల అంచులు రాలుతున్నాయి. అయినా తెలుస్తున్నాయి. ముందు గిట్ట గుర్తు మొత్తం ఒకే లోతులో ఉంది. వెనక గిట్ట దాన్ని దాటి పడింది. నాలుగు వేళ్లు పెట్టి చూశాను, బెత్తెడుకు కొంచెం తక్కువ.

ఇది రాసేనాటికి మూడు వారాలైంది. వారానికి నాలుగు పొద్దులు, ప్రతిసారీ అరగంట మించకుండా సాధన చేస్తున్నాం. ఎడమవైపు గుండ్రంలో పగ్గం వదిలితే ఆరు అడుగులు నిలబడుతోంది. కుడివైపు ఇంకా మూడే. మాస్టారు వచ్చే నెల మళ్లీ వస్తానన్నారు. ఈలోగా బ్యాంకులో నా కంప్యూటర్‌ను ఎడమవైపుకు మార్పించుకున్నాను.